నాలుగో మనిషి దరువు లేని ‘13’

పేరు మోసిన పాత బృందం ఏదైనా చాలా ఏళ్ల తర్వాత కొత్త ఆల్బంతో తిరిగి వస్తోందంటే మేము వెంటనే సంబరపడం. ముందు అనుమానిస్తాం. అభిమానం లేక కాదు. బృందం పేరుకు అంగట్లో ఒక ధర ఉంటుంది. ఆ పేరు తెచ్చినవాళ్లు ఒకరు, ఆ పేరు పట్టుకొని వచ్చేవాళ్లు మరొకరు కావచ్చు. పాట పాతదానిలా వినిపిస్తే చాలు, కొనేవాళ్లు కొంటారు. అందుకే ఇలాంటి ఆల్బం వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. వచ్చినవాళ్లు ఎవరు? రానివాళ్లు ఎవరు?

ఈ ప్రశ్నలతోనే మేము బ్లాక్ సబ్బాత్ వారి ‘13’ ఆల్బం విన్నాం. ఇది 2013 జూన్‌లో వచ్చింది. గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌తో ఆ బృందం అంతకుముందు చేసిన స్టూడియో ఆల్బం 1978 నాటి ‘నెవర్ సే డై!’. అంటే మధ్యలో 35 ఏళ్లు గడిచాయి. ‘13’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1970లో వచ్చిన ‘పారనాయిడ్’ తర్వాత వాళ్లకు అక్కడ ఆ స్థానం దక్కడం అదే. అమెరికాలోనైతే వాళ్ల ఆల్బం మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. అందులోని ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకు 2014లో గ్రామీ కూడా వచ్చింది. ఇంత జరిగాక అనుమానానికి చోటెక్కడిది అని అడగవచ్చు. అమ్మకాలు, బహుమతులు ఒక లెక్క. వినడం ఇంకో లెక్క. 2025 జూలైలో ఓజీ కన్నుమూశాడు. ఆయన గొంతుతో ఇక సబ్బాత్ ఆల్బం రాదు. హడావిడి అంతా సద్దుమణిగిన ఈ సమయంలో ‘13’ని తూచి చూడటం సబబు.

ఆదివాసీ రచయితల పుస్తకంలో ఈ ఇంగ్లండ్ వాళ్ల అరుపుల పాటల గోల ఎందుకు అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. మా జవాబు ఇది. ఈ పాటలు మా పిల్లల దగ్గరికి ఎప్పుడో వచ్చేశాయి. ఆశ్రమ పాఠశాల దాటి కాలేజీ హాస్టల్‌కు వెళ్లిన కుర్రవాడి ఫోన్‌లో ఇవి ఉన్నాయి. పిల్లలు వినేదాన్ని పెద్దలు వినకుండానే తీసిపారేస్తే ఇద్దరికీ నష్టమే. రెండో మాట. ఈ సంగీతం మేడల్లో పుట్టలేదు. కూలి చేసుకునే ఇళ్లలో, ఒక గాయం నుంచి పుట్టింది. ఆ గాయం కథ తెలియకుండా ‘13’ మంచిచెడులు చెప్పలేం.

బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల నగరం. అందులో ఆస్టన్ అనేది కార్మికుల పేట. టోనీ అయోమి, ఓజీ ఆస్బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ నలుగురూ అక్కడివాళ్లే. 1948, 1949 సంవత్సరాల్లో పుట్టారు. అయోమి ఎడమచేతి వాటం మనిషి, గిటారు తీగలను కుడిచేతి వేళ్లతో నొక్కుతాడు. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా ఆ కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. ఆ ఉద్యోగంలో అది అతని ఆఖరి రోజు. ఇక గిటారు వదిలేయాల్సిందే అనుకున్నవాడికి ఫ్యాక్టరీ మేస్త్రీ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. జాంగో ఐరోపాలో సంచార జీవనం గడిపే రోమా జాతి మనిషి. నిప్పు ప్రమాదంలో చెయ్యి కాలి రెండు వేళ్లు సరిగ్గా పనిచేయకపోయినా గిటారులో తనదైన దారి వేసుకున్నవాడు. ఆ రికార్డు విన్నాక అయోమి ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగలు వాడాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి తీగల బిగువు తగ్గించి శ్రుతిని బాగా కిందికి దించాడు. తీగ వదులైతే స్వరం బరువెక్కుతుంది. లోకం హెవీ మెటల్ అని పిలిచే ఆ బరువులో తెగిన వేళ్ల పాలు ఉంది.

రెండో పాలు డ్రమ్ములది. బిల్ వార్డ్ జాజ్ వింటూ పెరిగాడు. జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి పెద్ద డ్రమ్మర్లు అతనికి ఆదర్శం. అందుకే గిటారు ఎంత బరువుగా నడిచినా కింద అతని దరువు తూగుతూ ఉంటుంది. ‘వార్ పిగ్స్’లో ఓజీ పాడేటప్పుడు గిటారు ఆగిపోతుంది, తాళపు చప్పుడు ఒక్కటే టిక్కుటిక్కుమంటూ గొంతు కింద నడుస్తుంది. ‘ఐరన్ మ్యాన్’ మొదలయ్యేదే పెద్ద డ్రమ్ము దెబ్బలతో. వార్డ్ లెక్క తప్పకుండా వాయించే రకం కాదు. ఒక చోట కాస్త వెనక్కి వాలతాడు, ఒక చోట ముందుకు ఉరుకుతాడు, గిటారు ఖాళీ వదిలిన చోట దూరి మాట్లాడతాడు. నలుగురు మనుషులు ఒకే గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారని మనకు తెలిసేది ఆ దరువు వల్లే. 1970లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం వాయింపు అంతా ఒక్క రోజులో ముగిసింది. తప్పులు దిద్దుకునే తీరిక లేదు. ఆ తొందర, ఆ తడబాటు ఇప్పటికీ అందులో వినిపిస్తాయి. దాని ప్రాణం అక్కడే ఉందని మేము అనుకుంటాం.

ఆ తర్వాతి చరిత్ర పొడవైనది, క్లుప్తంగా చెబుతాం. 1979లో ఓజీని బృందం నుంచి తీసేశారు. రోనీ జేమ్స్ డియో వచ్చి 1980లో ‘హెవెన్ అండ్ హెల్’ అనే మంచి ఆల్బం పాడాడు. ఆ పైన గాయకులు, డ్రమ్మర్లు వస్తూ పోతూ ఉన్నారు. అన్ని కాలాల్లోనూ నిలిచింది అయోమి ఒక్కడే. 1995లో ‘ఫర్‌బిడెన్’ వచ్చాక సబ్బాత్ పేరుతో కొత్త ఆల్బం ఆగిపోయింది. 1997 నుంచి ఓజీతో అప్పుడప్పుడు కచేరీలు చేశారు. చివరికి 2011 నవంబర్ 11న నలుగురూ కలిసి కొత్త ఆల్బం చేస్తామని ప్రకటించారు. ఆ కబురు విన్నప్పుడు మా అనుమానం కూడా కాస్త మెత్తబడింది.

అయితే 2012 మొదట్లోనే రెండు దెబ్బలు తగిలాయి. అయోమికి లింఫోమా అనే క్యాన్సర్ ఉందని జనవరిలో తెలిసింది. ఫిబ్రవరిలో, తనకు సంతకం పెట్టదగిన ఒప్పందం ఇవ్వలేదని, అది వస్తే తప్ప చేరలేనని వార్డ్ ప్రకటించాడు. పని భారం మోసే ఆరోగ్యం వార్డ్‌కు లేదని ఓజీ తర్వాత అన్నాడు. వార్డ్ ఆ మాట ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమో తేల్చే పని మాది కాదు. మా చెవికి తెలిసేది ఒక్కటే, ఆల్బంలో వార్డ్ లేడు. అతని చోట రేజ్ అగెనెస్ట్ ది మెషీన్ బృందం డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ వాయించాడు. నలుగురు తిరిగి వస్తున్నారన్న మాట ముగ్గురు తిరిగి రావడంగా మారింది. అట్ట మీద పేరు మాత్రం మారలేదు.

నిర్మాత రిక్ రూబిన్. పాతతరం కళాకారులను మళ్లీ నిలబెట్టడంలో ఆయనకు పేరుంది. జానీ క్యాష్ ముసలితనంలో పాడిన గొప్ప రికార్డులు ఆయన చేయించినవే. సబ్బాత్ విషయంలో రూబిన్ పట్టుకున్న దారి, వాళ్లకు వాళ్ల మొదటి ఆల్బమే వినిపించి ఆ తీరులోకి వెళ్లమనడం. మొదటిసారి వింటే ఇది మంచి సలహాలాగే ఉంటుంది. దారి తప్పినవాణ్ణి ఇంటి గడప దగ్గరికి తీసుకెళ్లినట్టు. కానీ బడిలో చూచిరాత రాయించేవాళ్లకు ఇందులోని చిక్కు తెలుసు. చూచిరాతలో అక్షరం గుండ్రంగా వస్తుంది, పొల్లు పోదు, కొమ్ము పోదు. పిల్ల సొంత వాక్యం మాత్రం అందులో ఒక్కటీ ఉండదు. అరవై నాలుగేళ్ల మనుషులతో వాళ్లు ఇరవై ఒకటో ఏట రాసినదానికి చూచిరాత రాయిస్తే ఏమవుతుందో ‘13’ చూపిస్తుంది.

ఒక్కో పాటా తీసుకొని చూద్దాం. మొదటి పాట ‘ఎండ్ ఆఫ్ ది బిగినింగ్’. నెమ్మదిగా, బరువుగా గిటారు మోగుతుంది, ఆగుతుంది, గొంతు వినిపిస్తుంది, మళ్లీ గిటారు, చివరికి వేగం అందుకుంటుంది. ఈ నడక మనకు తెలిసిందే. బృందం పేరే పేరుగా పెట్టుకున్న 1970 నాటి తొలి పాట నడక ఇది. ‘లోనర్’ వింటుంటే మొదటి ఆల్బంలోని ‘ఎన్.ఐ.బి.’ పక్క గదిలో మోగుతున్నట్టు ఉంటుంది. ‘జైట్‌గైస్ట్’ మెత్తని పాట. మామూలు గిటారు, చేతి డోళ్లు, అంతరిక్షంలో తేలిపోయే మాటలు. ‘పారనాయిడ్’ ఆల్బంలో ‘ప్లానెట్ క్యారవాన్’ ఉంది కాబట్టి ఇక్కడ ఇది ఉందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ‘డ్యామేజ్డ్ సోల్’లో ఓజీ మౌతార్గాన్ వాయిస్తాడు, మొదటి ఆల్బంలోని ‘ది విజర్డ్’లో లాగానే. చివరి పాట ‘డియర్ ఫాదర్’ ముగిశాక వాన, ఉరుము, చర్చి గంట వినిపిస్తాయి. 1970 ఆల్బం మొదలైంది సరిగ్గా ఆ వానతో, ఆ గంటతో. ఎనిమిది పాటల్లో ఐదింటికి పాత ఆల్బముల్లో జోడీ దొరుకుతోందంటే అది అనుకోకుండా జరిగింది కాదు.

ఒక కళాకారుడు తన పాత పాటను తలచుకోవడం తప్పు కాదు. జానపదం నిలిచేదే తలచుకోవడం మీద. మా అభ్యంతరం ఇంకోచోట ఉంది. మొదటి ఆల్బం చేసిన నలుగురికి ముందు చూసి రాసుకోవడానికి పుస్తకం లేదు. బ్లూస్ వాయించబోతే అది వాళ్ల చేతుల్లో ఇంకేదో అయింది. తాము ఏం చేస్తున్నారో వాళ్లకే పూర్తిగా తెలియదు. ‘13’లో ఏం చేయాలో అందరికీ ముందే తెలుసు. అందుకే మొదటి ఆల్బం నలభై నిమిషాల లోపు ఉన్నా లోతుగా అనిపిస్తుంది. ఇది దాదాపు 53 నిమిషాలు సాగినా చాలా చోట్ల తెలిసిన ఊరి దారిలో బస్సు ఎక్కినట్టు ఉంటుంది. తర్వాతి మలుపు ఏదో ముందే తెలిసిపోతుంది.

ఇంకో ఫిర్యాదు శబ్దం గురించి. ఈ రోజుల్లో చాలా రికార్డుల్లో చిన్న చప్పుడును, పెద్ద చప్పుడును ఒకే మట్టానికి తెచ్చి అంతా గట్టిగా వినిపించేలా చేస్తారు. పక్కన మోగే పాట కంటే తమది గట్టిగా మోగాలన్న పోటీ అది. ‘13’ కూడా ఆ పోటీలో పడింది. చిన్న స్పీకరులో తేడా తెలియదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మొదటి నుంచి చివరి దాకా వింటే చెవి అలసిపోతుంది. బరువు అనేది పోలికలో తెలుస్తుంది. పక్కన నిశ్శబ్దం ఉంటేనే దెబ్బ దెబ్బలా తగులుతుంది. అంతా గట్టిగా ఉంటే ఏదీ గట్టిగా ఉండదు. ఈ బృందం ప్రపంచానికి నేర్పిన మొదటి పాఠం అదే. వాళ్ల ఆల్బంలోనే అది మరుగున పడటం మాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బ్రాడ్ విల్క్ చెడ్డ డ్రమ్మర్ కాడు. తన సొంత బృందంలో అతని వాయింపు నిప్పు. ఇక్కడ ఎక్కడా లయ తప్పడు. అడిగిన చోట అడిగినంత వాయిస్తాడు. పెద్దల ఇంటికి వచ్చిన కొత్త అల్లుడిలా ఒద్దికగా కూర్చుంటాడు. లోపం అక్కడే. వార్డ్ అయితే అయోమి గిటారుతో వాదించేవాడు. అయోమి ఒక మాట అంటే అతను మరో మాట అనేవాడు. విల్క్ తల ఊపుతాడు. ‘ఏజ్ ఆఫ్ రీజన్’ లాంటి పెద్ద పాటలో గిటారు అద్భుతంగా పైకి లేస్తుంది. కింద నేల మాత్రం సిమెంటు చేసినట్టు చదునుగా ఉంటుంది. గీజర్ బట్లర్ బేస్ గిటారు ఒక్కటే అక్కడక్కడా పాత తూగును మోస్తుంది. ఒంటరిగా ఎంతని మోస్తుంది?

డ్రమ్ము మనిషి మారితే ఇంత తేడానా అని సినిమా పాటలకు అలవాటైనవాళ్లు అడగవచ్చు. మా వైపు ఈ ప్రశ్న పుట్టదు. కోయల్లో వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ చెప్పేది డోలి వారు. పడిగె విప్పుతారు, డోలు వాయిస్తారు, ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందో పాడతారు. పడిగె మీద బొమ్మలు ఉంటాయి గానీ వాటికి నోరు లేదు. డోలూ, డోలి గొంతూ కలిస్తేనే ఆ గుడ్డ చరిత్ర అవుతుంది. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు చాలామంది అది డోలు కళకు వచ్చిన బిరుదు అన్నారు. ఆయన కోయలోనూ తెలుగులోనూ ఆ గాథలు పాడగలిగినవారు. 2024లో ఆయన పోయినప్పుడు పోయింది డోలు ఒక్కటే కాదని మా వాళ్లకు చెప్పాల్సిన పని లేకపోయింది. అదే డోలు ఇంకొకరు తీసుకొని వాయించవచ్చు, వాయించాలి కూడా. అయితే దాన్ని రామచంద్రయ్య గారి పాట అని ఎవరూ అనరు. కొత్త మనిషి పేరుతోనే పిలుస్తారు.

వేదికల మీద మాత్రం వేరే పద్ధతి నడుస్తోంది. ఉత్సవం ఏదైనా ఆదివాసీ నృత్యం ఒకటి ఉండాలంటారు. సమయం ఐదు నిమిషాలు. డోళ్ల వాళ్లు ఎక్కువమంది వస్తే ఖర్చు అని పెన్‌డ్రైవ్‌లో పాట పెడతారు. అద్దె కొమ్ములు, అద్దె ఈకలు పెట్టి పిల్లలను నిలబెడతారు. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు, అచ్చం అలాగే ఉందంటారు. అవును, అచ్చం అలాగే ఉంటుంది. చూపుకు ఏ లోటూ ఉండదు. వాయించే మనిషి లేడు, అతనికి ఇవ్వాల్సిన కూలి లేదు, అతను ఆగమన్నప్పుడు ఆగే ఆట లేదు. ఆస్టన్ పేట కార్మికుల కథకూ మన వేదికలకూ పోలిక పూర్తిగా కుదరదని మాకు తెలుసు. బ్లాక్ సబ్బాత్ వాళ్లు కోట్లు సంపాదించినవాళ్లు. వార్డ్ పేదవాడని మేము అనడం లేదు. పోలిక ఒక్క చోటనే ఉంది. పైకి కనిపించే రూపాన్ని నిలబెట్టడం తేలిక, రూపం వెనుక ఉన్న మనుషులను నిలబెట్టుకోవడం కష్టం. ఒప్పందం కాగితం దగ్గర తెగిపోయింది పాటలో వినిపిస్తుంది.

మరి ‘13’ మొత్తం ఉత్తదేనా? కాదు. అనుమానంతో విన్నా చెవి కొన్ని చోట్ల ఒప్పుకుంది. ‘గాడ్ ఈజ్ డెడ్?’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట. పేరు చివర ప్రశ్న గుర్తును చాలామంది చూడరు. దేవుడు చచ్చాడని ప్రకటించే పాట కాదది, ఆ మాట విని నిద్ర పట్టని మనిషి పాట. దయ్యాల బృందమని నలభై ఏళ్లు తిట్టించుకున్నవాళ్లు ముసలితనంలో ఇలాంటి ప్రశ్న అడగడం మాకు నచ్చింది. పాట నెమ్మదిగా పాకుతుంది, తొందరపడదు, వేగం వచ్చేసరికి అది సంపాదించుకున్న వేగం. ‘డియర్ ఫాదర్’ ఒక మతగురువు చేతిలో చిన్నప్పుడు నలిగిన మనిషి ఎదురు తిరిగి మాట్లాడే పాట. పిల్లలతో పని చేసేవాళ్లు దాన్ని మామూలుగా వినలేరు. ఈ రెండు పాటల మాటల్లో 1970 లేదు. అప్పుడు వాళ్లు యుద్ధం గురించి, పిచ్చి గురించి పాడారు. ఇక్కడ చావు గురించి, నమ్మకం గురించి, ఆలస్యంగా దొరికిన కోపం గురించి పాడుతున్నారు.

‘డ్యామేజ్డ్ సోల్’ను పైన చూచిరాతల్లో చేర్చాం. అయినా దాన్నే మేము ఎక్కువసార్లు విన్నాం. అది దాదాపు ఎనిమిది నిమిషాల నెమ్మది బ్లూస్. అందులో ఓజీ గొంతు అలసిపోయి ఉంది. పైస్థాయికి వెళ్లడు, వెళ్లలేడు. ఒకే మట్టం మీద నిలబడి చెబుతాడు. అయోమి గిటారు ఆ గొంతు చుట్టూ తిరుగుతుంది. క్యాన్సర్ చికిత్స జరుగుతుండగానే ఆయన ఈ ఆల్బం పాటలు కట్టాడు. ఆ సంగతి తెలిసి జాలితో వినమని మేము అనడం లేదు. తెలియకుండా విన్నా, ఈ వేళ్లకు ఇక తొందర లేదని అర్థమవుతుంది. ఆల్బంలో ముసలివాళ్లు ముసలివాళ్లలా వాయించిన చోట్లన్నీ బతికి ఉన్నాయి. కుర్రవాళ్ల వేషం వేసిన చోట్లన్నీ ఎండిపోయాయి. ఇదే మా తీర్పులో ముఖ్యమైన మాట.

అభిమానుల వైపు నుంచి ఒక వాదన ఉంది. మేము కోరుకున్నదే పాత సబ్బాత్, అది ఇచ్చారు, ఇంకేం కావాలి అంటారు. న్యాయమైన కోరికే. ఇష్టమైన వంట మళ్లీ మళ్లీ తినాలనిపించడం సహజం. దీనికి జవాబు మేము సిద్ధాంతాల్లో వెతకలేదు, ఇంకో ఆల్బంలో దొరికింది. 2009లో ఇదే అయోమి, ఇదే బట్లర్, గాయకుడు డియో, డ్రమ్మర్ విన్నీ ఎపీస్ కలిసి ‘ది డెవిల్ యూ నో’ చేశారు. సబ్బాత్ పేరు వాడకుండా ‘హెవెన్ అండ్ హెల్’ అనే పేరుతో వచ్చారు. ఆ పేరు పెట్టుకోవడంలోనే ఒక నిజాయితీ ఉంది, మేము ఈ నలుగురం, ఆ నలుగురం కాదు అని. ఆ ఆల్బం 1980ని చూసి రాసింది కాదు. అరవైలు దాటుతున్న మనుషుల చీకటి, నిదానం అందులో ఉన్నాయి. దానికి ‘13’ అంత పేరు రాలేదు. 2010 మేలో డియో చనిపోయాడు. పాత పేరు లేకుండా, పాత రూపం పట్టుకోకుండా తిరిగి రావచ్చని ఆ ఆల్బం రుజువు చేసింది. కాబట్టి ‘13’కు వేరే దారి లేదనే మాట నిలవదు.

‘13’ తర్వాత జరిగినవి కూడా ఈ తీర్పులో భాగమే. ‘ది ఎండ్’ పేరుతో ఆఖరి పర్యటన చేసి, 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో ముగించారు. అప్పుడూ వార్డ్ లేడు. తర్వాత 2025 జూలై 5న, ఆస్టన్‌లోనే ఉన్న విల్లా పార్క్ మైదానంలో నలుగురూ ఒకే వేదిక మీద కలిశారు. పార్కిన్సన్స్ వ్యాధితో ఉన్న ఓజీ సింహాసనంలాంటి కుర్చీలోంచి లేవలేదు. వెనుక డ్రమ్ముల దగ్గర డెబ్భై ఏడేళ్ల వార్డ్. వాయించినవి నాలుగే పాటలు: ‘వార్ పిగ్స్’, ‘ఎన్.ఐ.బి.’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’. అన్నీ పాతవే, కొత్త స్వరం ఒక్కటీ లేదు. దరువు కుర్రతనంలో ఉన్నంత బలంగా లేదు. అయినా ఆ పాటలు చూచిరాతలా అనిపించలేదు. తమ పాట తాము పాడుకోవడానికీ, తమ పాటలాంటిది తయారు చేయడానికీ ఉన్న తేడా అది. ఆ కచేరీ జరిగిన పదిహేడు రోజులకు, జూలై 22న ఓజీ పోయాడు.

మా తీర్పు ఇలా తేలింది. ఎనిమిది పాటల్లో ‘గాడ్ ఈజ్ డెడ్?’, ‘డ్యామేజ్డ్ సోల్’, ‘డియర్ ఫాదర్’ దాచుకోదగినవి. ‘ఏజ్ ఆఫ్ రీజన్’ను గిటారు కోసం వినవచ్చు. ‘ఎండ్ ఆఫ్ ది బిగినింగ్’, ‘లోనర్’, ‘జైట్‌గైస్ట్’ వినే బదులు వాటి మూలాలను వింటే సమయం కలిసి వస్తుంది. ‘లివ్ ఫరెవర్’ వచ్చిందీ వెళ్లిందీ తెలియదు. పిల్లలు ఎవరైనా బ్లాక్ సబ్బాత్ ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగితే 1970 ఆల్బములు రెండూ చేతికిస్తాం. ‘13’ను ఆ తర్వాత, వయసు మీద పడ్డ మనుషులు ఎలా పాడతారో తెలుసుకోవడానికి వినమంటాం. వినేటప్పుడు డ్రమ్ముల మీద చెవి పెట్టి, ఇక్కడ బిల్ వార్డ్ ఉంటే ఏం వాయించేవాడో ఊహించుకోమంటాం.

మన ఆటపాటలను మళ్లీ లేపాలని ఇప్పుడు మన యువకులు చాలామంది పూనుకుంటున్నారు. మంచి పని. వాళ్లు వీడియోలు చూసి అడుగులు నేర్చుకుంటున్నారు, వేషాలు కుట్టించుకుంటున్నారు. వాళ్లకు ఈ ఆల్బం వంకతో ఒక్క మాట చెబుతాం. రూపం దొరికాక ఆగిపోకండి. ఊళ్లో డోలు వాయించే పెద్దాయన ఇంకా ఉంటే ముందు ఆయన ఇంటికి వెళ్లండి. ఆయనకు ఇవ్వాల్సింది ముందే మాట్లాడుకొని ఇవ్వండి. ఆయన దరువు తప్పినా ఆ తప్పుతో సహా నేర్చుకోండి. ఆయన లేని ఊళ్లో కొత్తగా వాయిస్తుంటే అది మీ డోలేనని మీ పేరుతోనే చెప్పుకోండి.